కోనసీమలో ‘సొసైటీ’ ప్రస్థానం

అమలాపురం: కోనసీమ పల్లెల్లో ‘సొసైటీ’ అంటే ఎవరూ అర్థం అడగరు. సార్వాకు ముందు పంట రుణం, ఎరువుల బస్తా, ధాన్యం కొనుగోలు... ఏ పని పడినా రైతు అడుగులు అటే పడతాయి. అధికారిక పత్రాల్లో దాని పేరు ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల వ్యవసాయ చరిత్రలో కాలువలకు ఎంత చోటుందో ఈ సంఘాలకూ దాదాపు అంతే ఉంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టాకు నీరు వచ్చింది. పెట్టుబడి మాత్రం షావుకారు దగ్గరే ఉండిపోయింది. ప్రోనోటు రాసి అప్పు తెచ్చుకోవడం, కోతల నాటికి ధాన్యం కొలిచి తీర్చడం ఆనాటి పద్ధతి. రైతు రుణభారంపై అధ్యయనానికి మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని నియమించింది. యూరప్‌లోని పరపతి సంఘాలను పరిశీలించిన ఆయన 1895, 1897లలో రెండు సంపుటాల నివేదిక సమర్పించారు. జర్మనీలో రైఫైజెన్ నెలకొల్పిన గ్రామీణ సంఘాలే మన పల్లెలకు తగిన నమూనా అని ఆయన తేల్చారు.

ఆ ఆలోచన నుంచే 1904 సహకార పరపతి సంఘాల చట్టం పుట్టింది. ఒకే ఊరికో, పరిసరాలకో చెందిన పదిమంది కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. గ్రామీణ సంఘమైతే సభ్యుల్లో అయిదింట నాలుగు వంతుల మంది వ్యవసాయదారులై ఉండాలి. సంఘం బాకీకి సభ్యులందరూ అపరిమితంగా బాధ్యులు. పక్కింటివాడు ఎగవేస్తే తన ఆస్తి మీదకూ వస్తుంది గనుక, ఎవరికి అప్పివ్వాలో ఊరివాళ్లే జాగ్రత్తగా చూసుకునేవారు. పూచీకత్తు కాగితాల కంటే ఈ భయమే బలంగా పనిచేసిందనాలి.

మూడు శాతమే!

చట్టం వచ్చి అర్ధశతాబ్దం గడిచినా ఫలితం స్వల్పమే. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే నివేదిక 1954లో వెలువడింది. దేశంలో రైతులు తెచ్చిన అప్పుల్లో సహకార సంఘాలు ఇచ్చినది సుమారు 3 శాతం మాత్రమేనని, వడ్డీ వ్యాపారులది 70 శాతం వరకూ ఉందని అది తేల్చింది. దానికి మందుగా ప్రభుత్వమే సంఘాల్లో వాటాధనం పెట్టాలని కమిటీ సూచించింది. డబ్బు వచ్చింది, దానితో పాటు పెత్తనమూ వచ్చింది.

గ్రామ సంఘానికి పైన కేంద్ర బ్యాంకు, దానిపైన రాష్ట్ర సహకార బ్యాంకు ఉండే మూడంచెల వ్యవస్థ క్రమంగా స్థిరపడింది. 1960లలో రాష్ట్రంలో 25 సహకార కేంద్ర బ్యాంకులు ఉండేవి. అంటే కొన్ని జిల్లాల్లో ఒకటికి మించి ఉన్నాయన్నమాట. అమలాపురం కేంద్రంగా పనిచేసిన శ్రీ కోనసీమ సహకార కేంద్ర బ్యాంకు అలాంటిదే. తర్వాతి కాలంలో కాకినాడ కేంద్రంగా ఉన్న జిల్లా సహకార కేంద్ర బ్యాంకే ఇక్కడి సంఘాలకు పై బ్యాంకు అయింది.

అమలాపురం బ్యాంకు పేరు మాత్రం న్యాయశాస్త్ర గ్రంథాల్లో నిలిచిపోయింది. 1990 నాటి న్యాయ నివేదికల్లో ప్రచురితమైన ఒక తీర్పులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, సహకార సంఘం రాజ్యాంగ పరిభాషలో ‘రాజ్యం’ కాకపోయినా, చట్టం విధించిన ప్రజా కర్తవ్యాన్ని ఉల్లంఘిస్తే రిట్ వేయవచ్చని స్పష్టం చేసింది. సంఘాల బైలాలకు చట్టంతో సమానమైన బలం లేదని కూడా చెప్పింది. సహకార ఉద్యోగుల వివాదాల్లో న్యాయవాదులు అనంతరం ఈ తీర్పును తరచూ ఉదహరించారు.

ఒకే గవాక్షం

1987లో రాష్ట్రంలో ఏకగవాక్ష విధానం అమలైంది. అంతకుముందు పంట రుణం ఒకచోట, బోరుకో పశువులకో దీర్ఘకాలిక రుణం మరోచోట తీసుకోవాల్సి వచ్చేది. రెండూ సొసైటీలోనే లభించడంతో రైతుకు తిరుగుడు తగ్గింది. అయితే 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చినప్పుడు మరో సంగతి బయటపడింది. వరి పోతే మరుసటి పంటతో కోలుకోవచ్చు, చెట్టు పోతే మళ్లీ దింపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఏడాదిలో తీరాల్సిన రుణానికి ఆ లెక్క సరిపోదు.

గిట్టుబాటు లేక 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు ‘పంట విరామం’ ప్రకటించారు. దేశమంతా ఇటు చూసింది. పరిశీలనకు ప్రభుత్వం మోహన్ కందా కమిటీని నియమించింది. 2022లోనూ కొన్ని మండలాల్లో అదే బాట పట్టారు. మురుగు కాలువలు, కూలి ఖర్చులు, మద్దతు ధర... ఇవేవీ సొసైటీ చేతిలో ఉన్నవి కావు. కానీ పంట వేయని ఏడాది పాత బాకీ అలాగే ఉంటుంది.

కౌలుదారు ఎక్కడ?

అసలు చిక్కు ఇక్కడుంది. డెల్టాలో దుక్కి దున్నేవారిలో కౌలు రైతులు ఎక్కువ, రుణం మాత్రం పట్టా చూసి ఇస్తారు. దీంతో సాగు ఒకరిది, రుణం ఒకరిది అవుతోంది. 2011లో భూఅధీకృత సాగుదారుల చట్టం ద్వారా రుణ అర్హత కార్డులు వచ్చాయి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందం ఆధారంగా కార్డులకు వీలు కల్పించింది. ఒప్పందంపై భూయజమాని సంతకం కావాలి. చేను చేజారుతుందన్న అనుమానంతో ఆ సంతకం పెట్టేవారు తక్కువ. సంతకం దొరకని కౌలుదారుకు మళ్లీ ప్రోనోటే దిక్కు.

డిపాజిటర్లూ ఒక విషయం గమనించాలి. సహకార బ్యాంకుల్లో ఒక్కొక్కరి డిపాజిట్లకు 2020 నుంచి 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. గ్రామ సొసైటీ బ్యాంకు కాదు కనుక అక్కడ దాచిన సొమ్ముకు ఆ బీమా వర్తించదు. బోర్డు మీద పేరు చూసి రెండూ ఒకటే అనుకునేవారు పల్లెల్లో ఎందరో.

పాలన విషయానికొస్తే, 2013లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2018లో తీరింది. ఆపై ఎన్నికల బదులు ప్రభుత్వం నియమించిన కమిటీలే సంఘాలను నడుపుతూ వచ్చాయి. 2022 జూన్‌లో కేంద్రం దేశవ్యాప్తంగా 63 వేల సంఘాల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. సభ్యుడి బాకీ, వాటాధనం ఎంతో చేతిరాత ఖాతా పుస్తకం తిరగేయకుండానే కనిపించాలన్నది అందులో ఉద్దేశం.