ఒక బాణం, ఒక గీత

మొన్న రాత్రి రెండయింది. ‘కస్టమర్’కీ ‘ఐడీ’కీ మధ్య అవతలివాళ్ళు అండర్‌స్కోర్ పెట్టారు, మా జావా క్లాసులో పెద్ద ‘ఐ’ ఉంది. ఎర్రర్ లేదు, ఎక్సెప్షన్ లేదు. ఫీల్డు మాత్రం నల్!

ఈ తగాదా పాతదేనండోయ్. 1963 నాటి ఆస్కీలో అండర్‌స్కోర్ లేదు, ఆ చోట ఎడమవైపు బాణం ఉండేది. 1967లో బాణం పోయి గీత వచ్చింది. జిరాక్స్ పార్క్‌లో స్మాల్‌టాక్ వాళ్ళు మాత్రం బాణాన్నే ఉంచుకుని, వేరియబుల్‌కి విలువ ఇవ్వడానికి వాడుకున్నారు. గీత లేదు కాబట్టి మాటల్ని పెద్దక్షరంతో అతికించారు. సీ వాళ్ళకి గీత దొరికింది. తర్వాత జావా పెద్దక్షరం వైపు, పైథాన్ గీత వైపు వెళ్ళాయి.

మధ్యలో ఉన్న జేసన్‌కి ఏ పట్టింపూ లేదు. అందుకే జీసన్, జాక్సన్ లాంటి లైబ్రరీలు పేర్లు మార్చే పాలసీ ఇస్తాయి. దాన్ని ఒక్కచోటే పెట్టుకోండి. తప్పనిసరి ఫీల్డు రాకపోతే ప్రోగ్రాం గట్టిగా అరవాలి. లేకపోతే మీకూ జాగారమే :)