నవ్వుల వాయువు – పాళ్ళ లెక్క

కారు పందేల వాళ్ళు సీసాల్లో నింపుకునే నైట్రస్ ఆక్సైడును పెట్రోలు వంటి మరొక ఇంధనమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తాను మండదు, మంటకు ప్రాణవాయువును అందిస్తుంది. బరువు లెక్కన మామూలు గాలిలో ఆక్సిజన్ సుమారు 23 శాతమైతే, ఇందులో 36 శాతం. దీని చరిత్ర చదివినకొద్దీ, రెండు శతాబ్దాలుగా మనుషులను సతాయించింది దీని పాళ్ళేనని నాకు తోచింది.

1772లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ దీన్ని తయారుచేశాడు. 1799లో బ్రిస్టల్ నగరంలో హంఫ్రీ డేవీ స్వయంగా పీల్చి చూశాడు. ఇది నొప్పిని మరపిస్తుందనీ, శస్త్రచికిత్సకు పనికిరావచ్చుననీ మరుసటి యేడు అచ్చయిన గ్రంథంలో సూచించాడు. నలభై యేళ్ళకు పైగా ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ దంతవైద్యుడు హొరేస్ వెల్స్ ఈ వాయువు పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. 1845లో బాస్టన్‌లో నలుగురి ఎదుట ప్రదర్శించబోతే, వాయువు సంచిని కాస్త ముందుగా తీసివేయడంతో రోగి కేకపెట్టాడు. సభ గేలిచేసింది. వెల్స్ 1848లో ఆత్మహత్య చేసుకున్నాడు. అమెరికా దంతవైద్యుల సంఘం ఆయన ఘనతను గుర్తించింది 1864లో!

రెండవ ప్రపంచయుద్ధంలో ఈ వాయువు ఆకాశానికెక్కింది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజను నీరసిస్తుంది. జర్మన్లు జీఎం-1 పేరిట ద్రవరూప నైట్రస్‌ను విమానం ఇంజనులోకి చిమ్మి ఆ లోటు పూడ్చారు. బ్రిటిష్ వాళ్ళూ కొన్ని మస్కిటో విమానాల్లో దీన్ని వాడారు. తరువాత ఇది పందెపు కార్లకు దిగింది. 1976 డేటోనా అర్హత పరుగుల్లో దీన్ని వాడారన్న అభియోగంపై ఏ.జె. ఫాయ్ట్, డారెల్ వాల్‌ట్రిప్‌ల సమయాలను రద్దు చేశారు.

కార్లలోనూ చిక్కు పాళ్ళతోనే. ఇన్‌టేక్ మానిఫోల్డు అంటే గాలిని సిలిండర్లకు పంచే కొమ్మల గొట్టం. దాని మొదట్లోనే నైట్రస్‌నూ, దానికి తగిన అదనపు పెట్రోలునూ చిమ్మితే, బరువైన పెట్రోలు తుంపరలు వంపుల దగ్గర గాలితో సమంగా తిరగలేవు. బంతిభోజనంలో వడ్డన వంటిదే ఇదీ: మొదటి విస్తరికి నెయ్యి ధారగా పడుతుంది, చివరి విస్తరికి గిన్నె చప్పుడే వినిపిస్తుంది. పెట్రోలు చాలని సిలిండరులో వేడి హద్దుమీరి పిస్టను కరుగుతుంది.

డైరెక్ట్ పోర్ట్ పద్ధతిలో విస్తరికొక వడ్డించేవాడు ఉంటాడు. లోహపు రజను ఇంజనులో పడకుండా మానిఫోల్డును విప్పి బయటపెడతారు. ప్రతి కొమ్మకూ ఒకే దూరాన, ఒకే కోణంలో రంధ్రం తొలిచి, మరలు కోసి, నాజిల్ బిగిస్తారు. ఒక్కొక్క నాజిల్‌కు నైట్రస్‌కొకటి, పెట్రోలుకొకటి చొప్పున రెండు సన్నని గొట్టాలు. ఏ సిలిండరుకూ వాటా ఆలస్యం కాకుండా వాటి పొడవులను సమానంగా ఉంచుతారు. పాళ్ళను నిర్ణయించేది జెట్టు అనే చిన్న ముక్కకున్న సూదిబెజ్జం. అందులో నలుసు పడి పెట్రోలు ఆగితే ఆ ఒక్క సిలిండరు చాలు, ఇంజను మొత్తం చెడడానికి.

సీసా ఎంత పెద్దదని అడిగేవాళ్ళు ఎందరో. బెజ్జం ఎంత చిన్నదని అడిగినవాడికే ఈ వాయువు లొంగుతుంది.