డమాస్కస్ పేరు ఎవరిది? తిత్తి తోలు ఎవరిది?

నెల్లూరు తీరాన కోవూరు, అల్లూరు, ముత్తుకూరు ప్రాంతాలు వరి పండే నేలలు. కోతకు కొడవలి కావాలి, కాలవ గట్టుకు గడ్డపార కావాలి. గడ్డపార మొన అరిగితే కొలిమికి తీసుకుపోయి ఉక్కు వేయిస్తారు. ఉక్కు వేయడమంటే ఏమిటి? మెత్తటి ఇనుముకు గట్టి ఉక్కు ముక్కను జతచేసి తెల్లగా కాలుస్తారు. పైన పుట్టే ఆక్సైడ్ పొర కరిగిపోయేలా ఇసుకో వెలిగారమో చల్లుతారు. సమ్మెట దెబ్బలతో రెంటినీ ఒకటి చేస్తారు. ఇదే పనిని పొరలు పొరలుగా చేసి, మడిచి కొట్టి, చివర ఆసిడ్‌లో ముంచితే కత్తి మీద నీటి అలల్లాంటి చారలు తేలతాయి. అలాంటి కత్తిని ఇవాళ ప్రపంచమంతా ‘డమాస్కస్’ పేరుతో అమ్ముతున్నారు. పని ఒకరిది, పేరు ఇంకొకరిది. ఈ తేడా ఎక్కడ మొదలైందన్నదే మా ప్రశ్న.

నిజానికి పాత డమాస్కస్ కత్తి పొరలు అతికింది కాదు. మట్టి మూసలో కరిగించిన ఉక్కు ముద్దను సాగగొట్టి చేసింది. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. మెల్లగా చల్లారేటప్పుడు ఏర్పడే కార్బైడ్ వరసలే ఆ చారలు. ఆ ఉక్కు పుట్టిన చోట్లలో ఒకటి తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. అక్కడి పనిని సర్వే శాఖలో పనిచేసిన హెన్రీ వాయిసీ రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాక, 1832లో అది అచ్చయింది. ఇస్ఫహాన్ వర్తకుడొకడు ఆ ఊళ్లోనే ఉండి ఉక్కు కొంటున్నాడని ఆయన రాశాడు. సరుకు మనది, పేరేమో పడమటి బజారుది!

‘ఉక్కు’ అన్న మన మాటే ఇంగ్లీషులో ‘ఊట్జ్’ అయిందంటారు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ ముందు దాని మీద వ్యాసం పెట్టాడు. తర్వాత ఫారడే, స్టోడార్ట్ దాన్ని అనుకరించబోయి ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశారు. 1822 నాటి వాళ్ల వ్యాసంలో క్రోమియం కూడా ఉంది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని క్రోమియం ఉక్కు తయారుచేశాడు. అదే మన వంటింటి స్టెయిన్‌లెస్ స్టీల్.

ఈ స్టీల్‌ను కొలిమిలో అతకడం కష్టం. తుప్పును ఆపే క్రోమియం ఆక్సైడ్ పొరే అతుకునూ ఆపుతుంది. ఒట్టి వెలిగారానికి అది లొంగదు. అందుకే పలకలను గాలి చొరబడని ఇనప పెట్టెలో మూసి కాల్చి కొడతారు. స్వీడన్‌లోని డమాస్టీల్ కంపెనీ ఉక్కు పొడి నుంచే చారల స్టెయిన్‌లెస్ చేస్తోంది. పద్ధతి మారింది, పొరలు మారాయి, డమాస్కస్ పేరు మాత్రం మారలేదు.

సరే, బయటివాళ్లు మన పేరు చెప్పలేదు. మరి మనవాళ్లు చెప్పారా? ఊట్జ్ గురించి గర్వంగా రాసే మన చరిత్రకారులు కమ్మరి దాకా వచ్చి ఆగిపోతారు. కొలిమి దేనితో మండింది? తిత్తితో. తిత్తి దేనితో అయింది? తోలుతో. ఊళ్లల్లో చచ్చిన గొడ్డును మోసి, లందలో సున్నం నీళ్లలో, తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి తోలు చేసింది మాదిగలు. గాలి లేనిదే ఇనుము తెల్లగా కాగదు. అది కాగనిదే అతుకు పడదు. తోలు కోసే రంపెను కమ్మరి చేశాడు, కమ్మరి తిత్తి మాదిగ తోలుతో ఊపిరి తీసింది. ఇచ్చిపుచ్చుకోవడం ఉంది, పక్కపక్కన కూర్చోవడం లేదు. తోలు కొలిమి లోపలికి పోయింది, తోలు చేసినవాడు వాకిటి అవతలే నిలబడ్డాడు. పుస్తకంలోనూ ఆయన చోటు అదే.

2023 సెప్టెంబర్ 17న కేంద్రం ప్రారంభించిన పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరం ఉంది, చెప్పులు కుట్టడమూ ఉంది. దాని పేరు మాత్రం విశ్వకర్మ. తోలు పనివాడు సాయం తీసుకోవాలన్నా ఇంకొకరి దేవుడి పేరు కిందే తీసుకోవాలి!

చదువుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! తిత్తి పోయి కరెంటు బ్లోయర్ వచ్చింది. తోలుతో పాటు జ్ఞాపకమూ పోతోంది. మీ పాలెంలో పెద్దవాళ్లను అడగండి. తిత్తికి ఏ తోలు వాడారు, ఎన్నాళ్లు నానబెట్టారు, ఎన్ని మానికల గింజలు ఇచ్చారు? రాసుకోండి. ఉక్కు చరిత్రలో మన పేజీ మనం రాసుకోకపోతే అది ఖాళీగానే ఉండిపోతుంది.