నీటి అడుగున నడిచే రోబో: మన పిల్లలకు చేతికందే సైన్సు

గేట్ బజార్ నుంచి గోపాలపురం సముద్రతీరం పట్టుమని 20 కిలోమీటర్లు కూడా లేదు. అయినా మన తెలుగు ఇళ్లలో ఇంజనీరింగ్ అనగానే కంప్యూటరే గుర్తుకొస్తుంది. సముద్రగర్భంలో పనిచేసే యంత్రాలు చేయడమూ ఇంజనీరింగే. దాని తొలి పాఠాన్ని హైస్కూలు పిల్లలు కూడా చేసి నేర్చుకోవచ్చు. తల్లిదండ్రుల కోసం ఆ వివరాలు ఇక్కడ ఇస్తున్నాం.

ఎలా మొదలైంది: 1997లో హ్యారీ బోమ్, విక్కీ జెన్సెన్ అనే ఇద్దరు, ఇంట్లోనే నీటి రోబో తయారుచేసే పద్ధతిపై ఒక పుస్తకం రాశారు. దాని ఆధారంగా 2003లో అమెరికాలోని ఎంఐటీ 'సీపెర్చ్' పేరిట బడిపిల్లల కార్యక్రమం ప్రారంభించింది. మన దేశంలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఇంజనీరింగ్ విద్యార్థులకు 'సేవ్' పేరుతో ఇటువంటి పోటీలు నిర్వహించింది.

తయారీ: పీవీసీ గొట్టాలతో చట్రం, మూడు చిన్న మోటార్లు, 12 వోల్టుల బ్యాటరీ, స్విచ్చులు, పొడవాటి తీగ ఉంటే చాలు. రెండు మోటార్లు ముందుకు, పక్కలకు నడుపుతాయి. మూడోది పైకి, కిందికి. మోటార్లలోకి నీరు చేరకుండా చిన్న డబ్బీలో పెట్టి మైనం పోస్తారు. రేడియో తరంగాలు నీటిలో ఎక్కువ దూరం పోవు కనుక తీగతోనే నడపాలి.

నేర్చుకునేది: గొట్టాలకు రంధ్రాలు లేకపోతే రోబో మునగదు; బరువు ఎక్కువైతే తేలదు. ఆ రెండింటికీ మధ్య సరిచూసుకునేటప్పుడు ఆర్కిమెడిస్ సూత్రం బట్టీ పట్టకుండానే బోధపడుతుంది. రెక్కలు నీటిని వెనక్కి నెడితే రోబో ముందుకు కదులుతుంది; అది న్యూటన్ మూడో సూత్రం. బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో విన్న ఈ పాఠాలను ఇంట్లో పెద్దలు తెలుగులో అడిగి చెప్పించుకుంటే, సైన్సూ నిలుస్తుంది, భాషా నిలుస్తుంది.

ముందున్న దారి: లోతు ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అంతటి ఒత్తిడిని తట్టుకుని, చెన్నై సంస్థవారి 'రోసబ్ 6000' 2010లో హిందూ మహాసముద్రంలో 5,289 మీటర్ల లోతుకు దిగింది. ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లేందుకు 'మత్స్య 6000'ను రూపొందిస్తున్నారు. విశాఖలో నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ 1969 నుంచి ఉంది. మన బరంపురం విశ్వవిద్యాలయంలోనూ సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. అంటే ఈ చదువు మన పిల్లలకు అందని దూరంలో లేదు.

జాగ్రత్తలు: ఇంటి కరెంటు వాడరాదు, బ్యాటరీ మాత్రమే, అదీ గట్టుమీదే ఉండాలి. పరీక్ష నీటి తొట్టిలోనే చేయాలి. చెరువుకు, సముద్రానికి పిల్లలను ఒంటరిగా పంపవద్దు.

నలుగురైదుగురు పిల్లలు కలిస్తే ఖర్చు పంచుకోవచ్చు. ఆడపిల్లలను కూడా తప్పక చేర్చండి. బడిలో సైన్సు మాస్టారితో ఒకసారి మాట్లాడి, ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టించవలసిందిగా కోరుతున్నాం.