మిరపకాయ అడిగితే మొదలయ్యే యుద్ధం

మెక్సికో నగరం నడిబొడ్డున తెపితో అనే పేట ఉంది. వీధుల మీదే గుడారాలు వేసి అమ్ముకునే సంత పేట అది. అలాంటి చోట 'చీలే' కావాలని అడిగినవాడు తర్వాతి మాట చూసుకుని మాట్లాడాలి. చీలే అంటే మిరపకాయ. మగవాడి అంగానికీ అదే మారుపేరు. 'ఇష్టమేనా, తింటావా, ఎంత పొడుగుది కావాలి' అని అమ్మేవాడు ఆరా తీశాడంటే ఆట మొదలైనట్టే.

ఆ ఆట పేరు అల్బూర్. ఇద్దరు కూర్చుని పైకి కూరగాయల గురించో వాతావరణం గురించో మాట్లాడుకుంటున్నట్టే ఉంటారు. లోపల ప్రతి మాటా ఎదుటివాణ్ణి శయ్య మీద లొంగదీసుకునే ఎత్తు. బదులు తోచక నోరు మూసుకున్నవాడు ఓడిపోతాడు. మోంతే అనే పేకాటలో పంచేవాడు మొదట తీసే రెండు ముక్కలను అల్బూర్ అంటారు. దాన్నుంచే ఆ మాటకు 'అదృష్టానికి వదిలెయ్యడం' అనే అర్థమూ వచ్చింది.

బూతుల జాబితా బట్టీపడితే ఇది పట్టుబడదు. మనం శ్లేషలో పదాలు విరిచినట్టే ఇక్కడా విరవాలి. 'ఎల్వేర్ గలార్గా' అని ఎవరో పేరు చెబుతారు. పాపం, పిలిచేవాడు ఆ పేరును గట్టిగా పిలుస్తాడు. అక్షరాలు వేరేచోట విరిస్తే అది ఒకడి అంగం పొడవు గురించిన గొప్ప!

దీని వేళ్లు స్పానిష్ వాళ్లు రాకముందే ఉన్నాయని కొందరు పండితుల వాదన. చీలే అనే మాటే అక్కడి నావాత్ల్ భాషది. మన వంటింటి మిరపకాయకూ పుట్టిల్లు ఆ ప్రాంతమే. అవకాడోకు మూలమైన 'ఆవాకత్ల్' అనే నావాత్ల్ మాటకు అలోన్సో దె మోలినా 1571 నాటి నిఘంటువులో పండు అనీ, వృషణం అనీ రెండర్థాలూ ఇచ్చాడు. సన్యాసి అయి ఉండి రెండో అర్థాన్ని దాచకపోవడం ఆయన నిజాయితీ.

వలస పాలనలో ఈ చమత్కారానికి శిక్షలూ వచ్చాయి. 1766లో వేరాక్రూజ్ రేవు వీధుల్లో 'చుచుంబే' అనే పాట మారుమోగింది. పొట్టకు పొట్ట తగిలిస్తూ చేసే నాట్యం, రెండర్థాల చరణాలు, మధ్యలో సన్యాసులకు చురకలు. మత న్యాయస్థానం దాన్ని నిషేధించింది. సాక్ష్యం కోసం చరణాలన్నీ రాయించుకుంది కూడా. ఆ పాట ఇవాళ మనకు దక్కిందంటే నిషేధించినవాళ్ల కాగితాల పుణ్యమే.

స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లకూ మెక్సికోలో తిప్పలు తప్పవు. స్పెయిన్‌లో బస్సు 'కొహెర్' చేస్తారు, అంటే ఎక్కుతారు. మెక్సికోలో అదే మాట సంభోగానికి బూతు. 'వేవోస్' అంటే గుడ్లే, కానీ వృషణాలూ అవే. అందుకే మర్యాదగా అడిగేవాళ్లు 'బ్లాంకియోస్', అంటే చిన్న తెల్లనివి, ఇమ్మంటారు.

1950లో మెక్సికో కవి ఒక్తావియో పాజ్ తన 'ఏకాంతపు చిక్కుముడి' గ్రంథంలో అల్బూర్‌ను మగవాళ్ల మధ్య సాగే మాటల యుద్ధంగా విశ్లేషించాడు. ఓడినవాడు ఆ మాటలను మింగి ఆడదాని స్థానంలోకి జారతాడన్నది ఆయన భావం. పాజ్ చెప్పిన దాన్లో నిజముంది, కానీ సగమే. ఈ ఆటలో నవ్వూ ఉంది, స్నేహమూ ఉంది, క్షణంలో పదం వెతికే చురుకూ ఉంది.

ఆ మిగతా సగాన్ని చూపించింది ఒక స్త్రీ. తెపితోలో పసిపిల్లల బట్టలు అమ్మే లూర్దెస్ రూయిజ్ 1997లో అల్బూర్ పోటీలో గెలిచి 'అల్బూర్ రాణి' అనిపించుకుంది. తర్వాత ఆ పేటలోని హొసే మరియా వెలాస్కో చిత్రశాలలో 'సున్నితమైన అల్బూర్' పేరిట తరగతులు నడిపింది. పచ్చి బూతు వాడకుండా గెలవడమే ఆమె నేర్పిన విద్య. 2019 ఏప్రిల్‌లో చనిపోయేదాకా తెపితోలో ఆమెకు ఎదురు నిలిచి మాట విసరాలంటే మగవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు.