గట్టు మీది గుట్టు

మహబూబాబాద్ నుంచి పదిహేను కిలోమీటర్లు లోపలికి. ఫిబ్రవరి నెలాఖరు, రాత్రి పదకొండు దాటింది. ఈ ఒక్క రాత్రికి మీరు మిర్చి రైతు అనుకోండి.

ఊరి బయట కల్లంలో నులకమంచం మీద పడుకున్నారు. పక్కనే ఆరబోసిన కాయ. పరదా కింద ఎరుపు కనిపించదు, వెన్నెల్లో నల్ల గొంగడి పరిచినట్టుంటుంది. ఘాటు మాత్రం చీకట్లోనూ తెలుస్తుంది. కొత్తవాళ్లయితే తుమ్మి తుమ్మి అలసిపోతారు, మీ ముక్కు ఎప్పుడో అలవాటు పడింది. మంచుకు కాయ మెత్తబడుతుందని పొద్దుగూకగానే పరదా కప్పారు. కాపలాకు వచ్చానని ఇంట్లో చెప్పారు. అది సాకు. ఇంట్లో పడుకుంటే మీ ఇల్లాలు కూడా కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తుంటుంది. మీరు నిద్రపోలేదని ఆమెకు తెలుసు, ఆమె నిద్రపోలేదని మీకు తెలుసు. ఇద్దరూ నోరు విప్పరు. దానికన్నా కల్లం నయం.

లెక్కంతా నోటికే ఉంది. మూడెకరాల కౌలు. నారు, ఎరువు, మందులు, ఏరుడు కూలి, తాలుకాయ తీసే కూలి. నూటికి రెండు రూపాయల మిత్తి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో క్వింటాలుకు ఎంత పలికితే ఎవరి బాకీ తీరుతుందో వేళ్లు మడిచి లెక్కపెట్టారు. వేళ్లు అయిపోతున్నాయి, బాకీలు అయిపోవడం లేదు. ఈ మండలాల్లో 2021 చివరి నెలలు ఎవరూ మరిచిపోలేదు. పూవులో దూరే తామర పురుగు ఆ ఏడు పిందె పడనివ్వలేదు. ఏ మందు కొట్టినా పోలేదు. నిండు తోటలు పీకేసినవాళ్లున్నారు. మహబూబాబాద్ నుంచి, భూపాలపల్లి నుంచి ఆ సీజన్‌లో మిర్చి రైతుల చావు వార్తలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. మీ పాత బాకీకి మొదలు అక్కడే.

దిండు కింద ఫోను. అందులో 'లైన్‌మన్' అని ఒక నంబరు. అది లైన్‌మన్‌ది కాదు. దవాఖాన గోడ మీద చూసి రాసుకున్నది. కొడుకు ఫోను తీసి ఆడుకుంటాడు, బామ్మర్ది తీసి చూస్తాడు. అందుకే ఆ పేరు పెట్టారు.

లేచారు. మంచం దగ్గర సిగ్నల్ ఒక్క గీతే. బోరు స్టార్టర్ డబ్బా దగ్గర, గట్టు మీద నిలబడితే రెండు గీతలు. అక్కడిదాకా నడవడానికి ఇంకో కారణమూ ఉంది. పక్క కల్లంలో పడుకున్న తమ్ముడి వరసవాడికి మాట వినబడకూడదు.

ఇంటి గుట్టు లంకకు చేటు అని పెరిగినవాళ్లం. పల్లెలో ఇంటికి తలుపు ఉంటుంది గానీ మాటకు తలుపు ఉండదు. పొద్దున ఒకరితో అన్నది సాయంత్రానికి హోటల్ బల్ల మీద ఉంటుంది. కష్టం చెప్పుకుంటే బరువు దిగుతుందని పట్నంవాళ్లు సులువుగా అంటారు. ఇక్కడ చెప్పుకుంటే అప్పు పుట్టడం ఆగిపోతుంది, బిడ్డకు సంబంధం ఆగిపోతుంది. దాచుకోవడం ఇక్కడ మూర్ఖత్వం కాదు, బతుకుతెరువు. అందువల్లే చెప్పుకోవడానికి మన ఊరు తెలియని మనిషి కావాలి.

ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. డబ్బులు పడవు. రికార్డు గొంతు భాష అడుగుతుంది. తెలుగు నొక్కారు. కొంచెం సేపు సంగీతం. పెట్టేద్దామా అనుకునేలోగా ఒక ఆడగొంతు.

"నమస్కారం, టెలి మానస్. చెప్పండి, వింటున్నాను."

మీరు చెప్పరు. కీచురాళ్లు చెబుతున్నాయి.

"తొందరేం లేదు. నేను లైన్లోనే ఉంటాను."

"పేరు చెప్పాల్నా మేడం?"

"అక్కర్లేదు. మిమ్మల్ని ఏమని పిలవమంటారు?"

"అన్నా అనుండ్రి."

"సరే అన్నా."

"మా ఊరోళ్లకు తెల్వది గద?"

"ఇక్కడ చెప్పింది బయటికి పోదు. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం సాయానికి మనుషుల్ని పిలవాల్సి వస్తుంది. అది ముందే చెబుతున్నా."

ఆ రెండో మాట వల్లే మొదటి మాట మీద నమ్మకం కుదిరింది. విచిత్రంగా, అప్పు సంగతి ముందు రాదు. మొన్న అంగట్లో మందుల షాపాయన పది మందిలో అన్న మాట వస్తుంది. ఎండ, దుమ్ము, చుట్టూ నిలబడి వేరే వైపు చూసిన మనుషులు, అన్నీ వస్తాయి. బాకీల లెక్క చెప్పేటప్పుడు వణకని గొంతు ఇక్కడ పూడుకుపోతుంది. ఆమె మధ్యలో అడ్డురాదు. ధైర్యంగా ఉండండి అనదు. పిల్లల మొహం చూసి బతకాలి అనదు. ఆ మాటలు మీరు రోజూ మీకు మీరే చెప్పుకుంటున్నారు, పని చేయలేదు.

"అన్నా, ఒకటి సూటిగా అడుగుతాను. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?"

అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు. అది అపోహ. అడగడం వల్ల ఆలోచన పుట్టదని పరిశోధనలు తేల్చాయి. లోపల ఒంటరిగా తిరుగుతున్నదానికి బయటికి దారి దొరుకుతుంది, అంతే.

"...వస్తాంది." కాస్త ఆగి, "గిట్ల చెప్తే కేసయితదా మేడం?"

కాదు. వెనుకటికి ఐపీసీ 309 ఉండేది. ప్రాణం తీసుకోబోయి బతికినవాడిని నేరస్థుడిని చేసేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని అందులోని 115వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత 309 లేదు. ఆమె మీకు ఇంత చెప్పదు. "కాదన్నా, ఏ కేసూ కాదు" అంటుంది.

"మందు డబ్బాలు ఎక్కడున్నాయన్నా?"

"కల్లం గుడిసెల."

"ఇవాళ రాత్రికి అవి ఇంకొకరి దగ్గర పెట్టగలరా?"

ఇది మర్యాదకు అడిగే ప్రశ్న కాదు. చచ్చిపోవాలన్న ఉధృతి చాలాసార్లు గంటల్లో తగ్గుతుంది. ఆ గంటల్లో చేతికి అందేది అందకపోతే మనిషి దక్కుతాడు. చెన్నైలో 1986లో 'స్నేహ' హెల్ప్‌లైన్ నెలకొల్పిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ తమిళనాడు పల్లెల్లో పురుగు మందులన్నీ ఉమ్మడి గదిలో తాళం వేసిన అరల్లో పెట్టించి చూశారు. అక్కడ ఆత్మహత్యలు తగ్గాయి. ప్రతి ఊళ్లో అలాంటి గది ఒకటి కట్టడానికి ఏమంత ఖర్చవుతుందో నాకు అర్థం కాదు.

పక్క కల్లం తమ్ముడిని లేపారు. ఫోను చొక్కా జేబులో, లైను తెగలేదు.

"ఏందే అన్నా గీ యాల్ల?"

"కుక్కలు గుడిసెల జొరబడి డబ్బాలు దొర్లిస్తున్నయి తమ్మీ, జర నీ కాడ వెట్టు."

అబద్ధం. గుట్టు గుట్టుగానే ఉంది. అతను డబ్బాలు అందుకుని, మీ మొహంలోకి ఒక్కసారి చూసి, ఏమీ అడగకుండా మంచం మీద జరిగి చోటిచ్చాడు. "కూసో అన్నా." బీడీ ముట్టించాడు. జేబులోంచి ఆమె చిన్నగా అంది: "రేపు నేనే చేయనా, మీరు చేస్తారా?"

టెలి మానస్ అనే ఈ ఏర్పాటు 2022 అక్టోబర్ 10న మొదలైంది. బెంగళూరు నిమ్హాన్స్ దీనికి కేంద్రం, ఇరవై భాషల్లో రాత్రింబవళ్లు పలుకుతుంది. మాటతో తీరనిదైతే జిల్లా ఆస్పత్రి మానసిక వైద్యుడి దగ్గరికి దారి చూపుతారు. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి ఆ దారి మునుపంత దూరం కాదు.

కానీ ఫోనులో మాట్లాడిన ఆమె మీ బాకీ తీర్చలేదు. కౌలు కాగితం ఇప్పించలేదు. ఇది దాచి రాస్తే మోసం. 2017లో వికారాబాద్ జిల్లాలో మొదలైన 'కిసాన్ మిత్ర' హెల్ప్‌లైన్ ఈ సంగతి పట్టుకుంది. రైతు గోడు విని ఊరుకోకుండా, పాసుపుస్తకమో బ్యాంకు లోనో ఏది చిక్కుబడిందో కనుక్కుని అధికారుల వెంటపడేది. రైతు దుఃఖంలో సగం రెవెన్యూ ఆఫీసుది, మార్కెట్‌ది. వినే చెవికి ఆ ఆఫీసులోకి నడిచే కాళ్లు కూడా ఉండాలి.

ఇదే రాత్రి, ఇదే నంబరు, జనగామలో. రైల్వేస్టేషన్ వెనుక వీధి, డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన ఇంటర్ చదివే అమ్మాయి. కింద నాన్న దగ్గినప్పుడల్లా ఆగుతోంది. పరీక్షలు దగ్గరపడ్డాయి. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాక, తప్పుల తడకగా దిద్దారన్న గొడవ మధ్య, తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. పరీక్షల వేళ ఇంటర్ బోర్డు ఇప్పుడు ఈ నంబరు చెబుతోంది. అమ్మాయి గుసగుసగా అడిగేది ఫిజిక్స్ గురించి కాదు, ఇంట్లో ఎవరినీ అడగలేని మాట. ఇలాంటి లైన్లకు మూలమూ అలాంటి మాటే. ఇంగ్లండ్‌లోని లింకన్‌లో పద్నాలుగేళ్ల పిల్ల ముట్టయినదాన్ని రోగం అనుకుని, అడిగేందుకు ఎవరూ లేక ప్రాణం తీసుకుంది. ఆ అంత్యక్రియలు జరిపిన పాస్టర్ చాద్ వారా దాన్ని మరిచిపోలేక 1953లో తన చర్చిలో ఒక ఫోను పెట్టాడు. అదే సమారిటన్స్.

ఇదే రాత్రి భూపాలపల్లిలో, భర్త నైట్ షిఫ్టుకు గనిలోకి దిగాక, సింగరేణి క్వార్టర్‌లో ఒక ఇల్లాలు ఫోను తీసింది. తన గురించి కాదు, ఆయన గురించి. మనిషి నెల నుంచి తిండి తినడం లేదు, మాట్లాడడం లేదు, ఏం చేయాలి? ఇంట్లోవాళ్ల కోసం కూడా ఈ నంబరుకు ఫోను చేయొచ్చని ఆమెకు ఈ రాత్రే తెలిసింది. కుక్కర్ గిన్నెలు కడుగుతూ మాట్లాడుతోంది. నల్లా చప్పుడు ఉంటే పక్క క్వార్టర్‌కు వినబడదు.

మళ్లీ మీ కల్లానికి. తెల్లవారుజాము నాలుగు. తమ్ముడి మంచం చివర కూర్చునే కునుకు తీశారు. పరదా మీద మంచు పట్టింది. పొద్దెక్కితే తీసి కాయ తిరగేయాలి.

14416. అది కలవకపోతే 1800-891-4416. లైన్‌మన్ అనో, పాలాయన అనో, మీకు తోచిన పేరుతో దాచుకోండి.