వీడియో ఆటల వీరులు - వారి యజమానులు



బడిలో చరిత్ర చెప్పే మాస్టారుకి వీడియో ఆటలతో ఏం పని అని మీలో పెద్దవాళ్లు అనుకోవచ్చు. పని ఉంది. ఈ ఆటల వెనుక రెండు ఇళ్ల మధ్య వైరం ఉంది. ఒక ఇల్లు వదిలి మరో ఇంటికి వెళ్లిన పనివాళ్లున్నారు. కోర్టుకెక్కిన తగాదా ఉంది, ఒప్పంద పత్రాలున్నాయి, దివాలా కూడా ఉంది. ఇన్ని ఉన్న కథను చరిత్ర అనకపోతే మరేమనాలి? మీ ఇంట్లో పిల్లలుంటే వాళ్లనీ రేడియో దగ్గరకు పిలవండి. నేను పేర్లు తప్పుగా పలికితే వాళ్లు దిద్దుతారు.

నేను బళ్ళారిలో హైస్కూలు చదివే రోజుల్లో, అంటే 1990ల నడుమ, బస్టాండు వెనుక సందులో ఒక వీడియో గేమ్ పార్లర్ ఉండేది. చీకటి గది, గోడ వారన వరసగా పెట్టెలు, రూపాయి బిళ్ల వేస్తే ఒక ఆట. ఎక్కువమంది ముస్తఫా ఆట దగ్గర మూగేవాళ్లు. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నేనూ నా పక్క బెంచీ స్నేహితుడూ మాత్రం మూలనున్న రెండు పెట్టెల దగ్గర నిలబడేవాళ్లం. ఒకదానిలో స్ట్రీట్ ఫైటర్. తెల్లని కరాటే బట్టలు, నుదుటికి పట్టీ కట్టిన ర్యూ అందులో వీరుడు. రెండోదానిలో కింగ్ ఆఫ్ ఫైటర్స్. ఎర్ర టోపీ పెట్టుకుని, పొడుగు జుట్టు వెనక్కి కట్టుకున్న టెర్రీ బోగార్డ్ అందులో ఉండేవాడు. నాది ర్యూ పక్షం, వాడిది టెర్రీ పక్షం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే మేము ఈ తగాదాను రెండు భాషల్లోనూ ఆడుకునేవాళ్లం.

ఒకరోజు పార్లర్ యజమానినే అడిగాం. "అన్నా, వీళ్లిద్దరూ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారు?"

ఆయన చిల్లర లెక్కపెడుతూ తలెత్తకుండానే చెప్పాడు. "వీళ్ల కంపెనీ వేరు, వాళ్ల కంపెనీ వేరప్పా. ఎప్పటికీ కలవరు."

ఆ మాట మాకు మింగుడు పడలేదు. మన అలవాటు వేరు కదా. కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం పెట్టిన చిలకమర్తి వారి గయోపాఖ్యానం నాటకం ఊరూరా ఆడింది. 1963లో కె.వి.రెడ్డి గారు ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లను ఎదురెదురుగా నిలబెట్టి అదే కథను సినిమాగా తీశారు. రాముడితో ఆంజనేయుడు తలపడే కథ కూడా మనకుంది. ఇలా కలపడానికి ఎవరి దగ్గరా సంతకం తీసుకోనక్కర్లేదు, ఆ వీరులకు యజమానులు లేరు. ర్యూకి యజమాని ఉన్నాడు, టెర్రీకి మరో యజమాని ఉన్నాడు. వేర్వేరు కంపెనీల పాత్రలు ఒకే ఆటలో కలవడాన్ని ఇంగ్లీషులో క్రాసోవర్ అంటారు. ఆ ఇద్దరు యజమానుల కథే ఈనాటి ప్రసంగం.

ర్యూది క్యాప్‌కామ్ కంపెనీ. టెర్రీది ఎస్‌ఎన్‌కే కంపెనీ. రెండూ జపాన్‌లో ఒసాకా ప్రాంతానివే. 1987లో క్యాప్‌కామ్ స్ట్రీట్ ఫైటర్ అనే ఆట విడుదల చేసింది. దాన్ని తీర్చిదిద్దిన వారు ఇద్దరు, నిషియామా తకాషి, మత్సుమోతో హిరోషి. ఆటలోని పుల్లను కిందికి, ఏటవాలుగా, ముందుకు తిప్పి గుద్దు బటన్ నొక్కితే ర్యూ రెండు అరచేతుల నుంచి ఒక శక్తి గోళం ఎగిరి ఎదుటివాణ్ణి తాకుతుంది. మా ఈడు మగపిల్లలకు ఈ విద్య ఎక్కం కంటే బాగా వచ్చు. అది మొదట పుట్టింది ఆ ఆటలోనే.

తర్వాత ఆ ఇద్దరూ క్యాప్‌కామ్ వదిలి ఎస్‌ఎన్‌కేలో చేరారు. 1991లో క్యాప్‌కామ్ మరికొందరు పనివాళ్లతో స్ట్రీట్ ఫైటర్ రెండో భాగం తెచ్చింది. అది లోకమంతా పాకింది. అదే 1991లో ఎస్‌ఎన్‌కేలో నిషియామా బృందం ఫేటల్ ఫ్యూరీ అనే ఆట తెచ్చింది. టెర్రీ బోగార్డ్ పుట్టింది అందులోనే. అంటే మేము బద్ధ శత్రువులనుకున్న ర్యూ, టెర్రీ ఒకే తండ్రి బిడ్డలు. కింగ్ ఆఫ్ ఫైటర్స్ పెట్టె దగ్గర టెర్రీని ఆడించేటప్పుడు మా చేతులకు ఈ సంగతి ముందే తెలుసు. పుల్లను అదే కిందికి, ఏటవాలుగా, ముందుకు తిప్పి గుద్దు నొక్కితే టెర్రీ పిడికిలి నేలను తాకి, నేల మీదుగా ఒక అల పరుగెత్తేది. ర్యూది గాలిలో పోతుంది, వీడిది నేల మీద పోతుంది. తేడా అంతే.

మరి క్యాప్‌కామ్ ఊరుకుందా? వేరే కంపెనీతో పేచీ పెట్టుకుంది. డేటా ఈస్ట్ అనే కంపెనీ 1993లో ఫైటర్స్ హిస్టరీ అనే ఆట తెచ్చింది. అది మా ఆటకు నకలని క్యాప్‌కామ్ అమెరికాలో కోర్టుకెళ్లింది. 1994లో కాలిఫోర్నియా కోర్టు ఆ ఆటను ఆపమనే ఉత్తర్వు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. గుద్దులూ తన్నులూ, యుద్ధవిద్యల్లో అందరికీ తెలిసిన భంగిమలూ ఒకరి సొత్తు కావన్నది అందులోని సారాంశం. శ్రోతలారా, ఈ తీర్పును కాస్త గుర్తుంచుకోండి. పుల్ల తిప్పే విద్య అందరిదీ అయింది. ర్యూ అనే పేరు, ఆ ముఖం, ఆ బట్టలు మాత్రం క్యాప్‌కామ్ సొత్తుగానే మిగిలాయి.

కోర్టు బయట రెండు ఇళ్లూ ఎత్తిపొడుపులతో పోట్లాడుకున్నాయి. ఎస్‌ఎన్‌కే 1992లో ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్ అనే ఆట తెచ్చింది. అందులో నాయకుడి పేరు ర్యో. ర్యూ, ర్యో అని రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ర్యో స్నేహితుడు రాబర్ట్‌కి పొడవాటి జడ. 1995లో క్యాప్‌కామ్ స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫాలో డాన్ అనే కొత్తవాణ్ణి దింపింది. గులాబీ రంగు కరాటే బట్టలు, ర్యో పోలికల ముఖం, వెనుక జడ. వాడు ఆర్భాటంగా శక్తి గోళం విసురుతాడు, అది చేతి ముందే ఆరిపోతుంది. పక్కింటివాడి కొడుకు వేషం వేసి వీధి నాటకంలో నవ్వించినట్టే. మాకు అప్పట్లో ఈ ఎగతాళి అర్థం కాలేదు, డాన్ నిజంగానే చేతకానివాడనుకున్నాం.

ఈలోగా ఎవరింట్లో వారు కలయికలు మొదలుపెట్టారు. ఎస్‌ఎన్‌కే 1994లో తన వేర్వేరు ఆటల వీరులను ముగ్గురేసి జట్లుగా కూర్చి కింగ్ ఆఫ్ ఫైటర్స్ తెచ్చింది. సొంత ఇంటి పెళ్లి కనుక అనుమతి గొడవ లేదు. క్యాప్‌కామ్ అమెరికా వైపు చూసింది. మార్వెల్ కామిక్ పుస్తకాల వీరులతో ముందే ఆటలు చేస్తున్న ఆ కంపెనీ, 1996లో వాళ్లనూ తన వీరులనూ ఒక ఆటలో దింపింది. నలభై వేల రూపాయల జీతగాడూ నలభై ఎకరాల భూస్వామీ ఒకే పంక్తిలో కూర్చున్నట్టు, కొండలు కదిలించే మాగ్నెటో ఎదుట ఒట్టి చేతుల ర్యూ నిలబడ్డాడు. పిల్లలు దాన్నీ ఆనందంగా ఒప్పుకున్నారు.

సాక్షాత్తూ ఆ ఒసాకా ఇళ్లు రెండూ కలిసింది 1999లో. ఎస్‌ఎన్‌కే చేతిలో పట్టుకునే చిన్న ఆట యంత్రం, నియో జియో పాకెట్ కలర్ కోసం క్యాప్‌కామ్ వీరులతో ఆటలు చేసింది. మరుసటి ఏడు క్యాప్‌కామ్ వంతు. 2000లో పెద్ద పెట్టె ఆటగా క్యాప్‌కామ్ వర్సెస్ ఎస్‌ఎన్‌కే విడుదలైంది. ర్యూ ఎదుట టెర్రీ నిలబడ్డాడు.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం. స్ట్రీట్ ఫైటర్‌కి ఆరు బటన్లు, మూడు గుద్దులకు, మూడు తన్నులకు. ఎస్‌ఎన్‌కే పెట్టెకు నాలుగే. ఆరింటికి అలవాటు పడ్డ ర్యూనీ నాలుగింటికి అలవాటు పడ్డ టెర్రీనీ ఒకే పలక మీద ఎలా ఆడించాలి? 2000 నాటి ఆటలో క్యాప్‌కామ్ తన ఇంట్లోనే అతిథి పద్ధతి పాటించి నాలుగు బటన్లు పెట్టింది. 2001లో వచ్చిన రెండో భాగంలో ఆరుకి తిరిగి వెళ్లింది. ఇంటికి వచ్చిన వియ్యంకుడితో మొదటిరోజు అతని యాసలో మాట్లాడి, రెండోరోజు మన యాసలోకి జారినట్టు అనిపిస్తుంది నాకు. రెండో భాగంలో పోరాటానికి ఆరు పద్ధతులు పెట్టారు. ఒక్కో పద్ధతికి ఒక ఇంగ్లీషు అక్షరం. వాటిలో సి, ఏ, పి క్యాప్‌కామ్ ఆటల తీరు. ఎస్, ఎన్, కె అవతలి ఇంటి ఆటల తీరు. అక్షరాలు కలిపి చదివితే రెండు ఇళ్ల పేర్లూ వస్తాయి. ర్యూని ఎస్‌ఎన్‌కే వ్యాకరణంలోనూ, టెర్రీని క్యాప్‌కామ్ వ్యాకరణంలోనూ ఆడించవచ్చు. సరిహద్దు జిల్లాల్లో పెరిగిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ ముచ్చట ఎక్కువకాలం నిలవలేదు. రెండో భాగం వచ్చిన 2001లోనే, అక్టోబరు నెలలో, ఎస్‌ఎన్‌కే దివాలా తీసింది. పాత యజమాని కవసాకి ఎయికిచి ప్లేమోర్ అనే మరో కంపెనీ ద్వారా ఆ వీరుల హక్కులను తిరిగి సంపాదించుకున్నాడు. ఒప్పందం ప్రకారం ఆ ఇంటి నుంచి 2003లో మరో కలయిక ఆట వచ్చింది. ఆ తర్వాత రెండు ఇళ్లూ చాలావరకు ఎవరి దారిన వారున్నాయి.

ఇటువంటి ఆట ఒక కాగితం మీద బతుకుతుంది. కాగితానికి గడువు ఉంటుంది. మార్వెల్ వీరులతో క్యాప్‌కామ్ 2000లో తెచ్చిన రెండో భాగాన్నే తీసుకోండి. యాభై ఆరుగురు వీరులున్న పెద్ద ఆట. 2009లో డౌన్‌లోడ్ రూపంలో మళ్లీ అమ్మారు. అదే ఏడు డిస్నీ సంస్థ మార్వెల్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. 2013 చివర ఆ ఆట అంగళ్ల నుంచి మాయమైంది. ఆట పాడవలేదు, ఆడేవాళ్లు తగ్గలేదు. అనుమతి తీరిపోయింది, అంతే. అది కొత్త ఒప్పందంతో తిరిగి అమ్మకానికి రావడానికి 2024 దాకా పట్టింది. ఆ మధ్య పదేళ్లలో పదేళ్ల వయసు దాటిన పిల్లలకు ఆ ఆటను న్యాయంగా కొనుక్కునే దారే సరిగా లేదు. సొంత ఇంటి వీరులతో చేసిన ఆటకు ఈ కష్టం రాదు. అందుకే కలయిక ఆటలంటే నాకు సంతోషంతోబాటు కొంచెం దిగులు కూడా.

సగంలో చిరిగిన కాగితమూ ఒకటుంది. 2010లో క్యాప్‌కామ్, టెక్కెన్ ఆటల నామ్‌కో చెరొక కలయిక ఆట చేస్తామని ప్రకటించాయి. క్యాప్‌కామ్ వంతు 2012లో వచ్చింది. నామ్‌కో వంతు రానేలేదు.

నిన్నటి శత్రువులు కలవడంలో ఇంకా పెద్ద ఉదాహరణ నింటెండో, సెగా. 1990ల మొదట్లో ఇవి ప్రకటనల్లో ఒకరినొకరు దుమ్మెత్తి పోసుకున్నాయి. 2001లో సెగా ఆట యంత్రాల తయారీ మానుకుంది, సోనిక్ నింటెండో యంత్రం మీదికి వచ్చాడు. 2007లో ఒలింపిక్ పోటీల ఆటలో మారియో, సోనిక్ పక్కపక్కన పరుగెత్తారు. పోరులో ఓడినవాడు వచ్చి గెలిచినవాడి కొలువులో చేరిన కథ అది. ఒసాకా కథలో అంత తేలికైన గెలుపోటములు లేవు కనుక నేను దానికే ఎక్కువ సమయమిచ్చాను.

నిషియామా సంగతి చెప్పడం మరిచాను. ఆయన ఎస్‌ఎన్‌కే కూడా వదిలి 2000లో డింప్స్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నాడు. 2008లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ నాలుగో భాగం తయారీలో క్యాప్‌కామ్‌కి తోడుపడింది ఆ డింప్సే. ఇల్లు వదిలిన మనిషి ఇరవై ఏళ్ల తర్వాత కూలీ మాట్లాడుకుని అదే ఇంటి గోడ కట్టినట్టు.

ఎస్‌ఎన్‌కే మళ్లీ చేతులు మారింది. 2022 నాటికి దాని వాటాలు దాదాపు అన్నీ సౌదీ అరేబియా యువరాజు స్థాపించిన మిస్క్ ఫౌండేషన్ అధీనంలోకి వెళ్లాయి. ఒసాకా వీధిలో మొదలైన తగాదాకి ఇప్పుడు ఒక పక్షం రియాద్‌లో ఉంది. అయినా సంధి మళ్లీ కుదిరింది. 2024 సెప్టెంబరులో టెర్రీ బోగార్డ్ స్ట్రీట్ ఫైటర్ ఆరో భాగంలో అడుగుపెట్టాడు. 2025లో క్యాప్‌కామ్ వారి కెన్ ఫేటల్ ఫ్యూరీ కొత్త ఆటకు అతిథిగా వెళ్లాడు. పాత క్యాప్‌కామ్ వర్సెస్ ఎస్‌ఎన్‌కే ఆటలు రెండూ 2025 మేలో ఒక సంపుటిలో మళ్లీ అమ్మకానికి వచ్చాయి.

బస్టాండు వెనుక పార్లర్ ఎప్పుడో మూతపడింది. ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. నా పక్క బెంచీ స్నేహితుడు సరిహద్దు దాటి అనంతపురంలో స్థిరపడ్డాడు. టెర్రీ వచ్చిన వారం వాడే ఫోన్ చేశాడు. "ఏమప్పా మాస్టారూ, మీ ర్యూ ఇంట్లో ఉన్నాడా? మావాడు వస్తున్నాడు" అన్నాడు. ఆ ఆదివారం వాడు వాళ్లబ్బాయి యంత్రం మీద అక్కణ్ణుంచి, నేను మా అమ్మాయి కంప్యూటర్ మీద ఇక్కణ్ణుంచి కూర్చున్నాం. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. మూడు ఆటల్లో రెండు వాడే గెలిచాడు. ఒకటి మాత్రం నాది.